సమస్య: "రాయి మెత్తనయ్యె రాతి చేత"

నిర్వాహకుడు, తిరుపతి:
బైరాగిపట్టెడలో మా వంటగట్టుకు కుప్పం పచ్చరాయి (ఆకుపచ్చ గ్రానైట్) తెచ్చాం. ఏ రాయో గంటలో తేల్చుకున్నాం, అంచు ఎలా తీయించాలో తేల్చుకోవడానికి మూడు రోజులు పట్టింది. 18 మిల్లీమీటర్ల బండకు కింద పట్టీ అతికించి మందం చూపిద్దామన్నారు ఒకరు. ఫుల్ రౌండ్, అంటే అంచు పైనా కిందా గుండ్రంగా, అన్నారు ఇంకొకరు. అలా తీస్తే నీళ్లు అంచు చుట్టి కింది అరల్లోకి పాకుతాయి. చివరికి హాఫ్ రౌండే, పైవైపు మాత్రమే గుండ్రం. మేస్త్రీ మిషన్‌కు పాలిష్ బిళ్లలు మార్చి మార్చి అంచు రుద్దుతుంటే ఈ పాదం తోచింది. ఆ బిళ్లల్లో ఉండేది వజ్రపు పొడి. వజ్రమూ రాయే కదా! ఆటవెలదిలో పూరించండి.

సభ్యురాలు, మదనపల్లె:
వంట గట్టు మూల వాడిగా నుండగా
పిల్ల నుదుట దెబ్బ పెద్ద దయ్యె
సాన బట్టి నంచు చక్కగా గుండ్రనై
రాయి మెత్తనయ్యె రాతి చేత

నిర్వాహకుడు:
అమ్మా, యతులు కుదిరాయి. కానీ పిల్లకు తగిలింది మూల, మీరు దిద్దించింది అంచు. "సాన బట్ట మూల చక్కగా గుండ్రనై" అంటే సరి. ఇంట్లోనూ అంతే, అంచు తీయించి మూల వదిలేస్తే నుదురు మళ్లీ పగులుతుంది.

సభ్యుడు, పీలేరు:
అలల వంటి యంచు అడిగె మా యిల్లాలు
జిడ్డు తోమలేక చిన్నబోయె
గాడులన్ని యరగ గట్టిగా రుద్దగా
రాయి మెత్తనయ్యె రాతి చేత

నిర్వాహకుడు:
అన్నా, "యంచు అడిగె" విసంధి, సంధి చేయాల్సిన చోట చేయలేదు. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం. "వరుస యలల యంచు వలెనన్న యిల్లాలు" అని చూడండి. భావం మాత్రం అనుభవంలోంచి వచ్చింది. ఈ అలల అంచు, షాపువాళ్లు ఓజీ అనేది, షాపులో ముచ్చటగా ఉంటుంది, పోపు జిడ్డు ఆ గాడిలో చేరితే గుడ్డ లోపలికి పోదు.

సభ్యురాలు, పుంగనూరు:
పొత్రమాడి యాడి పోయెను గరుకెల్ల
అవ్వ రోటి గుంత యద్దమాయె
కొత్త గట్టుకంచు కోరితి నా నున్పు
రాయి మెత్తనయ్యె రాతి చేత

నిర్వాహకుడు:
ఇది నాకు బాగా నచ్చింది. రెండు రాళ్లూ పద్యంలోనే ఉన్నాయి, సమస్య అతికినట్టు లేదు. ఒకటే అడుగుతా: గుంత అద్దమైతే పిండి నలగదు, గంట్లు కొట్టించాలి. రోటికి దోషమైన నునుపును గట్టుకు గుణంగా కోరడం తెలిసే చేశారా, అక్కా?

సభ్యురాలు, పుంగనూరు:
తెలిసే, అన్నా. గంట్లు కొట్టేవాళ్లు వీధిలోకి వస్తే అవ్వ పిలిచి కొట్టించేది. నా చేతికి గుర్తున్నది మాత్రం వాళ్లు రాకముందు గుంతలోని చల్లటి నునుపే. పాదం అలాగే ఉంచుతాను.