అమ్మమ్మ ఊళ్లో వేసవి సెలవులు: అత్తయ్య మీద భారం తగ్గించేదెలా?

మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో, రాజోలు దగ్గర. ఏటా మే నెలలో పది రోజులు 22 మందిమి ఆ ఇంట్లోనే ఉంటాం. తాటిముంజలు, మామిడిపళ్లు, రాత్రిళ్లు డాబా మీద పడకలు. కొత్తావకాయ కలిపిన రోజు అమ్మమ్మ పళ్లెంలో అన్నం కలిపి అందరికీ ముద్దలు పెడుతుంది. మా పిల్లలు ఏడాదంతా ఆ ముద్ద కోసమే ఎదురుచూస్తారు.

కిందటేడు ఒక మధ్యాహ్నం మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్తే, అత్తయ్య గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. మేమంతా తిని లేచాం, తను ఇంకా అన్నం తినలేదు. 58 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇన్నేళ్లూ నేను గమనించనే లేదు. దానికి తోడు మేలో కాలువలకు నీళ్లు ఆపేస్తారు కదా, ఇంతమంది స్నానాలకు నీళ్ల టెన్షన్ కూడా తనదే.

ఖర్చు పంచుకుందామని డబ్బు ఇవ్వబోతే మామయ్య చిన్నబుచ్చుకున్నాడు. "ఆడపడుచుల దగ్గర డబ్బు తీసుకుంటానా?" అన్నాడు. అమ్మ కూడా నన్నే కోప్పడింది. దగ్గర్లోని దిండి అనే ఊళ్లో రిసార్టు తీసుకుందామంటే అమ్మమ్మకు 84, ఇల్లు కదలదు. అమ్మమ్మ లేకుండా అక్కడికి వెళ్లి ఏం చేస్తాం?

పది రోజులకు వంటమనిషిని పెట్టాలని ఉంది. పరాయి చెయ్యి వంటింట్లోకి వస్తే అత్తయ్య నొచ్చుకుంటుందేమో. మీ ఇళ్లలో ఈ మాట ముందు ఎవరితో ఎత్తారు, అత్తయ్యతోనా, మామయ్యతోనా? ఆ వైపు వంటవాళ్లు రోజుకు ఎంత తీసుకుంటున్నారు? డబ్బు కాకుండా సామాను రూపంలో ఇస్తే పెద్దవాళ్లు ఒప్పుకున్నారా? దయచేసి చెప్పండి, ఏప్రిల్‌లోపే తేల్చుకోవాలి.