సామ్ కుక్ 'నైట్ బీట్' నాకెందుకు ఎక్కట్లేదు?

రికార్డుల పెట్టె:
అమెరికన్ గాయకుడు సామ్ కుక్ అంటే నాకు 'యూ సెండ్ మీ', 'వండర్‌ఫుల్ వరల్డ్' పాటలే. రెండూ నోటికి వచ్చు. ఈమధ్య ఒక స్నేహితురాలు చెప్తే ఆయన 1963 ఆల్బమ్ 'నైట్ బీట్' పెట్టాను. రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ నాలుగో పాట దగ్గర ఆపేశాను. అన్నీ ఒకే నడక, అన్నీ దిగులే అనిపించింది. నేను పొద్దున వంట చేసుకుంటూ వింటాను. కుక్కర్ కూతల మధ్య ఏ పాట ఎప్పుడు అయిపోయిందో కూడా తెలియట్లేదు. ఇంతమంది ప్రాణంలా చూసుకునే ఆల్బమ్ కదా, నాకేం అందట్లేదు? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

బాస్ తీగ:
'లిటిల్ రెడ్ రూస్టర్'తో మొదలుపెట్టండి. విల్లీ డిక్సన్ రాసిన పాట, 1961లో హౌలిన్ వోల్ఫ్ పాడాడు. వోల్ఫ్ పాడితే భయమేస్తుంది, సామ్ పాడితే పెరట్లో కూర్చుని కబుర్లు చెప్తున్నట్టు ఉంటుంది. కుక్కలు మొరిగే మాట రాగానే ఆర్గన్ (పియానోలా మెట్లున్న వాద్యం) నిజంగానే మొరుగుతుంది. ఆ ఆర్గన్ వాయించిన పిల్లవాడు బిల్లీ ప్రెస్టన్, అప్పటికి 16 ఏళ్ళు. 1969లో బీటిల్స్ 'గెట్ బ్యాక్' రికార్డు మీద వాళ్ళ పేరు పక్కన పేరు పడింది ఇతనిదే.

నైట్ డ్యూటీ:
ముందు ఆ కుక్కర్ దగ్గర్నుంచి పక్కకి తీసుకెళ్ళండి మేడమ్. పొద్దుటి పాటలు కావివి. 1963 ఫిబ్రవరిలో, హాలీవుడ్‌లోని ఆర్‌సీఏ స్టూడియోలో, కొద్దిమంది వాయిద్యగాళ్ళతో మూడు రాత్రుల్లో రికార్డు చేశారు. వయొలిన్ల దండు లేదు, వెనక కోరస్ లేదు.

నేను థర్మల్ ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లో చాలా ఏళ్ళు రాత్రి డ్యూటీలు చేశాను. ఈ ఆల్బమ్ మొదటిసారి విన్నది డ్యూటీ దిగి షిఫ్ట్ బస్సులో ఇంటికొస్తూ. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు, బస్సులో సగంమంది నిద్ర. రెండో పాట 'లాస్ట్ అండ్ లుకిన్' మొదలవగానే ఇయర్‌ఫోన్ పాడైందనుకున్నాను. పిన్ను ఊడదీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ గుచ్చాను. అయినా అంతే. గొంతు వస్తోంది, వాయిద్యాలు రావట్లేదు. కాసేపటికి అర్థమైంది, అసలు అక్కడ లేవని. ఒక బాస్ (మంద్రంగా మోగే తీగ వాద్యం), ఒక సింబల్ (డ్రమ్స్ పక్కన ఉండే ఇత్తడి తాళం), సామ్ గొంతు. పియానో లేదు, గిటార్ లేదు, ఆర్గన్ లేదు. బాస్ ఒక్కో అడుగూ వేసుకుంటూ వస్తుంటే, ఆ మధ్య ఖాళీలో ఆయన మాటని సాగదీసి వదులుతాడు. వదిలేటప్పుడు గొంతు అంచున చిన్న జీర. వాయిద్యాలు ఇంకో రెండు ఉంటే ఆ జీర మునిగిపోయేది. మా స్టాప్ దాటిపోయి రెండు స్టాపుల అవతల దిగాను ఆ రోజు.

ఇంకో మాట. ఈయనకి గట్టిగా పాడటం చేతకాక మెత్తగా పాడలేదు. అదే 1963లో, జనవరి 12న మయామీలో హార్లెమ్ స్క్వేర్ క్లబ్‌లో పాడింది వినండి. గొంతు చించుకుని, జనాన్ని ఊపేసి, చెమటలు పట్టించాడు. ఆ రికార్డింగ్‌ని కంపెనీ 1985 దాకా బయటకి తేలేదు. ఆ ఊపు ఒంట్లో పెట్టుకున్న మనిషే ఆరు వారాలకి హాలీవుడ్‌లో కూర్చుని ఇంత నెమ్మదిగా పాడాడు. నాకు ఈ ఆల్బమ్ అంటే అంత గౌరవం అందుకే. కేక పెట్టగలిగినవాడు పెట్టకుండా ఆగితే, ఆ ఆగడంలోనే బరువు తెలుస్తుంది.

చర్చి పాటల నుంచి వచ్చినవాడు కదా. తండ్రి పాస్టర్, తను సోల్ స్టిరర్స్ బృందంలో ఏళ్ళ తరబడి గాస్పెల్ పాడాడు. మొదటి పాట 'నోబడీ నోస్ ద ట్రబుల్ ఐవ్ సీన్' బానిసత్వం కాలం నుంచి వస్తున్న ఆధ్యాత్మిక గీతం. దాన్ని గుంపు పాటగా కాకుండా గదిలో ఒక్కడే కూర్చుని తనకి తాను చెప్పుకున్నట్టు పాడాడు. అక్కడే ఆల్బమ్ దారి పడింది.

రికార్డుల పెట్టె:
ఇయర్‌ఫోన్ సంగతి చదివి మళ్ళీ వినాలనిపించింది. కానీ చివర్లో 'షేక్, రాటిల్ అండ్ రోల్' ఎందుకండీ? అంత దిగులు మోసుకొచ్చి ఆఖర్లో డాన్స్ పాటా?

బాస్ తీగ:
నాకూ అది అతకలేదు. బిగ్ జో టర్నర్ 1954లో పాడిన పాట, దాని చోటు వేరు. నేనైతే 'ఫూల్స్ ప్యారడైజ్' దగ్గర ఆపేస్తాను.

నైట్ డ్యూటీ:
నేను ఆపను. పదకొండు పాటల పాటు బరువు మోసినవాణ్ణి కాస్త లేచి ఒళ్ళు విరుచుకోనివ్వాలి. డ్యూటీ దిగాక మేం గేటు బయట నిలబడి టీ తాగుతూ అర్థం లేకుండా నవ్వేవాళ్ళం, అలా ఉంటుంది నాకు ఆ పాట.

రికార్డుల పెట్టె:
నిన్న రాత్రి పదకొండు దాటాక విన్నాను. ఫ్యాన్ రొద అడ్డమొస్తుంటే అదీ ఆపేశాను, చెమట పోస్తున్నా సరే. 'లాస్ట్ అండ్ లుకిన్'లో మీరు చెప్పిన జీర దొరికింది. మూడుసార్లు వెనక్కి జరిపి విన్నాను. మా అమ్మాయి లేచొచ్చి ఎందుకు చీకట్లో కూర్చున్నావమ్మా అంది. ఒక ఇయర్‌ఫోన్ దాని చెవిలో పెట్టాను.