తరగతిలో సారే సైన్సును కాదన్నప్పుడు

కందుకూరు, పదో తరగతి విద్యార్థిని తల్లి

మా అమ్మాయి ఇక్కడి ఒక ప్రైవేటు పాఠశాలలో సీబీఎస్ఈ పదో తరగతి చదువుతోంది. అనువంశికత పాఠం చెబుతూ జీవశాస్త్రం సారు, జీవపరిణామం అబద్ధమనీ, అందుకే 2023లో ఎన్‌సీఈఆర్‌టీ దానిని పదో తరగతి పుస్తకం నుంచి తీసేసిందనీ, మనిషి కోతి నుంచి వచ్చి ఉంటే ఇంకా కోతులు ఎందుకున్నాయనీ పిల్లలందరి ముందు అన్నారట. మా అమ్మాయి లేచి ఏదో అడగబోతే కూర్చోమన్నారు. ఆయన పాఠం శ్రద్ధగా చెప్పే మనిషి, పిల్లలను ప్రేమగా చూసుకుంటారు, కాబట్టి ఆయనను నొప్పించడం నాకు ఇష్టం లేదు. పైగా అంతర్గత మూల్యాంకనం 20 మార్కులు బడి చేతిలో ఉంటాయన్న భయం కూడా ఉంది. అయినా తప్పును నిజమని పిల్లలు నమ్ముతుంటే ఊరుకోలేకపోతున్నాను. ఇలాంటి పరిస్థితిని ఎదుర్కొన్నవారు ఏం చేశారో దయచేసి చెప్పండి.

కావలి, జీవశాస్త్ర ఉపాధ్యాయుడు

అమ్మా, ఆ పాఠాన్ని తీసేసింది అబద్ధమని కాదు, పిల్లల మీద భారం తగ్గించే పేరుతో. 12వ తరగతి జీవశాస్త్రంలో ఆ అధ్యాయం ఇప్పటికీ ఉంది, నీట్ సిలబస్‌లోనూ ఉంది. తొలగింపు తప్పని 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. ఇక కోతుల సంగతికి వస్తే, ఈనాటి కోతులు మనిషిగా మారాయని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు. మనకూ చింపాంజీలకూ పూర్వీకులు ఒక్కరేననీ, సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట ఆ రెండు శాఖలు విడిపోయాయనీ చెబుతోంది. కణాల్లో జన్యువులను మోసే క్రోమోజోములు చింపాంజీకి 24 జతలుంటే మనకు 23 జతలే ఉన్నాయి. పూర్వీకుల్లోని రెండు వేరు వేరు క్రోమోజోములు కొసల దగ్గర అతుక్కుని మన రెండో క్రోమోజోము అయిందనడానికి, మామూలుగా కొసల్లో ఉండవలసిన డీఎన్‌ఏ వరుస దాని నడుమ కనిపించడమే ఆధారం.

మా బడిలోనూ ఒక సహోపాధ్యాయుడు ఇదే మాట అనేవారు. ఆయనతో స్టాఫ్‌రూములో అందరి ముందు వాదిస్తే పట్టుదల పెరుగుతుందని, సాయంత్రం బడి వదిలాక ఒంగోలు జాతి పశువుల గురించి మాట్లాడాను. మన రైతులు తరతరాలుగా బలమైన గిత్తలను ఏరి, వాటి సంతతినే పెంచుకుంటూ రావడం వల్ల కదా ఆ మూపురం, ఆ ఒడ్డూ పొడవూ నిలిచాయి! ఇక్కడి నుంచి 19వ శతాబ్దంలోనే బ్రెజిల్ చేరిన పశువుల సంతతి అక్కడ నెలోర్ పేరుతో కోట్ల సంఖ్యలో పెరుగుతోంది, అక్కడి రైతులు మాంసం కోసం ఏరుకున్నందువల్ల దాని తీరు మళ్లీ మారింది. రైతు చేసే ఈ ఎంపికను ప్రకృతి కూడా చేయగలదా అన్న దగ్గర మా చర్చ మొదలైంది. రొయ్యల చెరువుల్లో యాంటీబయోటిక్కులు విచ్చలవిడిగా చల్లితే, వాటికి చావని సూక్ష్మజీవులే మిగిలి పెరుగుతాయన్న సంగతి ఆయనకు తెలిసిందే, ఎందుకంటే వాళ్ల కుటుంబానికి చెరువులున్నాయి. ఎన్ని తరాలైనా ఎద్దు ఎద్దుగానే ఉంది కదా అని ఆయన అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే, అప్పుడే క్రోమోజోముల సంగతి చూపించాను. మనిషి విషయంలో ఆయన మనసు మారలేదు, కానీ పాఠాన్ని పుస్తకంలో ఉన్నట్టే చెబుతున్నారు. ఉపాధ్యాయుడి నమ్మకాన్ని మార్చడం మన పని కాదనీ, పాఠం సరిగ్గా అందితే చాలనీ నా అభిప్రాయం.

ఒంగోలు, ఒక తండ్రి

ఇంత మెతకదనం నాకు అర్థం కాదు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతోంది, 1976లో 42వ సవరణ ద్వారా ఆ మాట చేరింది. ఉపాధ్యాయుడు కూడా పౌరుడే కదా. పాఠాన్ని ఫోనులో రికార్డు చేసి, యాజమాన్యానికీ విద్యాశాఖకూ ఫిర్యాదు చేయాలి.

పొదిలి, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

బాబూ, ఫిర్యాదు అవసరమయ్యే సందర్భాలు లేకపోలేదు. కానీ పిల్లల చేత రికార్డింగు చేయించి వాట్సాప్‌లో తిప్పితే, ఆ బిడ్డ మీద పడే మచ్చ ఉపాధ్యాయుడు బదిలీ అయినా పోదు.

నేను ఆగకుండా అడ్డుపడిన సందర్భం ఒకటుంది, అది ఫ్లోరైడు గురించి. మా ప్రాంతం ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, దేశంలో తొలిసారిగా ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడు ఎక్కువున్న నీటి వల్ల పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బును, ఇక్కడి పల్లెల్లో గుర్తించి వైద్యులు రాశారు. అలాంటి చోట ఒక ఉపాధ్యాయుడు, పళ్లకు గారలు రావడం, నడుము వంగిపోవడం పూర్వజన్మ కర్మమనీ, నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడు పోతుందనీ పాఠంలో చెప్పారు. కాచితే క్రిములు చస్తాయే తప్ప ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత ఇంకా పెరుగుతుంది. పిల్లల పళ్లు చిగురులో ఏర్పడే వయసులో ఆ నీళ్లు తాగితే వచ్చిన మచ్చలు తిరిగి పోవు. అందుకే ఆ రోజే ఆయనను నా గదికి పిలిచి, పాఠాన్ని సరిచేసి మళ్లీ చెప్పమన్నాను. తర్వాత పిల్లలు తమ తమ బోర్ల నీళ్లు సీసాలలో తెచ్చారు, వాటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపించాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు తాగడానికి పనికిరాదన్న లెక్కతో, ఏ బోరు వాడాలో ఏది వాడకూడదో ఫలితాలు చూసి పిల్లలే ఇళ్లలో చెప్పారు. ఆ ఉపాధ్యాయుడే వాళ్లను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగారు.

జీవపరిణామం గురించి తప్పు చెబితే చదువు చెడుతుంది, నీళ్ల గురించి, టీకాల గురించి తప్పు చెబితే ఒళ్లు చెడుతుంది. మొదటిదానికి ఓపిక పట్టవచ్చు, రెండోదానికి ఒక్క రోజు కూడా ఆగకూడదు.

నెల్లూరు, ఇంజనీరింగు విద్యార్థి

అమ్మగారూ, విద్యార్థిగా నా అనుభవం చెబుతాను. చంద్రుడి మీద మనిషి అడుగు పెట్టలేదని, అంతా స్టూడియోలో తీశారని మా సారు ఒకరు చెప్పేవారు. శ్రీహరికోటకు ఇంత దగ్గర పెరిగిన మాకు ఆ మాట చాలా బాధ కలిగించింది. అయితే ఆయనను ఖండించకుండా, మా మిత్రుడొకడు, ‘దీన్ని మనం ఎలా పరీక్షించవచ్చు సార్?’ అని అడిగాడు. అపోలో 11, 14, 15 యాత్రికులు అక్కడ ఉంచిన అద్దాలకు భూమి మీది వేధశాలలు ఇప్పటికీ లేజరు కొట్టి దూరం కొలుస్తున్నాయని మేము చదివి వినిపించాం. మన చంద్రయాన్-3 విక్రమ్ మీద కూడా అలాంటి చిన్న అద్దాల అమరిక ఉంది. 2023 డిసెంబరులో అమెరికా వారి ఉపగ్రహం పై నుంచి పంపిన లేజరు దాని మీద తగిలి తిరిగి వచ్చింది. ఆ ప్రశ్న అడిగినందుకు సారుకు కోపం రాలేదు. మీ అమ్మాయిని కూడా అలాగే అడగమనండి, కానీ ఒక్కదాన్నే కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి, తరగతి అయ్యాక అడిగితే మంచిది.

కందుకూరు, పదో తరగతి విద్యార్థిని తల్లి

అందరికీ నమస్కారాలు. మీ మాటలు చదివాక నేను, మా వారు కలిసి సారును బడి అయ్యాక కలిశాం. 12వ తరగతి పుస్తకంలోని అధ్యాయాన్ని చూపించి, నీట్‌కు చదవబోయే పిల్లలు దీన్ని తప్పుగా నేర్చుకుంటే నష్టపోతారని మాత్రమే చెప్పాం. ఆయన కాసేపు పేజీలు తిప్పి, పుస్తకంలో ఏముందో తరగతిలో చెబుతాననీ, తన అభిప్రాయాన్ని వేరుగా ఉంచుకుంటాననీ అన్నారు. సైన్సు ప్రదర్శనకు ఒంగోలు గిత్తల మీద మా అమ్మాయి బృందం చేయదలచిన ప్రాజెక్టుకూ ఒప్పుకున్నారు. కావలి సారుకు ఒక్క మనవి: నెలోర్ జాతి గురించి పిల్లలు తెలుగులో చదువుకోగలిగింది ఏదైనా మీ దగ్గరుంటే పంపగలరా?