అచ్చంపేట దగ్గరి పాత తోటలో ఈ మూడు చెట్లు ఏవి?

ప్రశ్న (అచ్చంపేట)

నల్లమల అంచున ఉన్న ఒక పాత తోటను ఈ మధ్యనే కొన్నాము. మామిడి, చింత, సీతాఫలం చెట్లను గుర్తుపట్టాము గాని, మూడు చెట్ల విషయంలో మాకూ పనికి వచ్చేవారికీ మాట కుదరడం లేదు. మొదటిదానికి జానెడుకు మించిన ఆకులు కొమ్మల చివర గుంపుగా ఉన్నాయి; చలికాలంలో చిన్న నారింజ రంగు కండ, దాని చివర నిగనిగలాడే నల్లని గింజ కనిపించాయి. కొందరు దీనిని జీడిమామిడి అంటున్నారు. రెండవదాని బెరడు ముదురు రంగులో మొసలి చర్మంలా పలకలుగా పగిలి ఉంది. ఎండాకాలంలో చిన్న చిన్న నల్లటి పండ్లు కాసింది. మూడవది బత్తాయి వరుసలోనే ఉన్నా, దానికి ముళ్లు ఎక్కువ. తొక్క వదులుగా, కమలాపండు రంగులో ఉన్న కాయలు నోట పెట్టలేనంత పుల్లగా ఉన్నాయి. పిల్లలు తోటలో తిరుగుతారు కనుక ఏది తినవచ్చో దయచేసి చెప్పగలరు.

జవాబు (కొల్లాపూర్)

మొదటిది జీడిమామిడి కాదండీ, నల్లజీడి. జీడిమామిడి పండు పెద్దది, గింజ బూడిద రంగులో మూత్రపిండం ఆకారంలో వంగి ఉంటుంది, కాపు వేసవిలో వస్తుంది. నల్లజీడి గింజ మాత్రం బల్లపరుపుగా, హృదయాకారంలో ఉండి, పండినప్పుడు నల్లబడుతుంది, ఆకు అడుగు భాగం తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఒకప్పుడు చాకలివారు బట్టలపై గుర్తులు వేసింది ఈ గింజ రసంతోనే. ఆ రసం తగిలితే చర్మం పొక్కులెక్కి పుండు పడుతుంది కనుక, పిల్లలను ఆ చెట్టు దరిదాపులకు పోనివ్వకండి.

రెండవది మొర్రి చెట్టు. పండు పైకండ తియ్యగా ఉంటుంది, నిర్భయంగా తినవచ్చు. గట్టి పిక్కను పగులగొడితే లోపల ఉన్నదే మిఠాయిలలో వేసే సారపప్పు. నల్లమలలో చెంచులు ఏరి అమ్ముకునే అటవీ ఫలసాయాలలో ఇది ముఖ్యమైనది. ఆకు దళసరిగా, మొద్దుబారిన కొనతో, ఈనెలు స్పష్టంగా ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. చిత్రమేమిటంటే మామిడి, జీడిమామిడి, నల్లజీడి, మొర్రి నాలుగూ ఒకే కుటుంబానికి చెందినవి.

జవాబు (నల్లగొండ)

మూడవదాని గురించి, బత్తాయి సాగు చేసేవాడిగా నేను చెప్పగలను. మన వైపు బత్తాయిని రంగపూర్ నిమ్మ మీదనో జంబేరి అనే మరో నిమ్మ రకం మీదనో కన్ను అంటు కడతారు, అంటే ఆ మొక్క కాండానికి బత్తాయి మొగ్గను అతికిస్తారు. పైన ఉన్న బత్తాయి భాగం ఎండిపోయినా, అంటు కింది నుండి వచ్చిన చిగుళ్లను ఎవరూ తీయకపోయినా, వేరుమూలమే, అంటే కింది నిమ్మ మొక్కే, చెట్టుగా ఎదిగిపోతుంది. మీరు చెప్పిన రంగు, వదులు తొక్క, పులుపు రంగపూర్ నిమ్మకు సరిపోతున్నాయి. జంబేరి అయితే కాయ పసుపుగా, గరుకుగా ఉండేది. విషమేమీ కాదు, పచ్చడికి పనికివస్తుంది. మొదలు దగ్గర అంటు గుర్తు వెతకండి: దానిపై బత్తాయి కొమ్మ ఒక్కటైనా బతికి ఉంటే, కిందివి మొదలంటా కోసివేయండి.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలు. నల్లజీడిని కొట్టివేయడం మంచిదా?

జవాబు (కొల్లాపూర్)

కంచె వేస్తే సరిపోతుంది. కొట్టించదలిస్తే తెలిసినవారి చేత, ఒళ్లంతా కప్పుకునే బట్టలతో కొట్టించండి. రసం అంటితే వెంటనే సబ్బుతో కడగాలి. ఆ కట్టెను మాత్రం పొయ్యిలో పెట్టకండి, పొగ కూడా కళ్లకూ చర్మానికీ మంట పుట్టిస్తుంది.