అప్‌డేట్: రైల్ ప్రెషర్ పడిపోవడానికి కారణం తెలిసింది

స్టేజ్ 2 రీమ్యాప్ (ఎక్కువ పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పు) చేయించిన నా టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కారులో, పూర్తి లోడ్ మీద 5000 ఆర్‌పీఎం దాటగానే రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టంలోని ఒత్తిడి) పడిపోతోందని, హై ప్రెషర్ పంపు మార్చాలా, ఇంజెక్టర్లు మార్చాలా అని అడిగాను. లో ప్రెషర్ వైపు, అంటే ట్యాంకులోని పంపు నుంచి హై ప్రెషర్ పంపుకు అందే ఒత్తిడి కూడా కొలిచి చూడమన్న మిత్రులకు హృదయపూర్వక కృతజ్ఞతలు.

హైదరాబాద్‌లోనే, రోడ్డు మీద కాకుండా డైనో (కారును ఒకేచోట నిలిపి ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) మీద, రెండు ప్రెషర్లనూ ఒకేసారి లాగ్ (రికార్డు) చేయించాను. రైల్ ప్రెషర్ 200 బార్ లక్ష్యం నుంచి జారడానికి ముందే ట్యాంకులోని పంపు ప్రెషర్ జారుతోంది. కామ్‌షాఫ్ట్ తిప్పే హై ప్రెషర్ పంపు తనకు అందిన పెట్రోలునే నొక్కగలదు కాబట్టి, ట్యాంకు పంపు దగ్గరే కొరత ఉంటే ఎంత ఖరీదైన పంపు బిగించినా ప్రయోజనం ఉండదు. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకి, ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే, సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. రీమ్యాప్ కోరే అదనపు ఇంధనం దీనికి తోడైంది.

ఫిల్టర్ మార్చితే పెద్ద తేడా రాలేదు. ఎక్కువ ప్రవాహం ఇచ్చే ట్యాంకు పంపు బిగించి, లోడ్ మీద దానికి అందే వోల్టేజీ కూడా సరిచూశాక, రైల్ ప్రెషర్ రెడ్‌లైన్ (ఇంజిన్ గరిష్ఠ వేగ పరిమితి) వరకూ నిలిచింది, లాంబ్డా (గాలి, పెట్రోలు నిష్పత్తి కొలత) లక్ష్యానికి సరిపోయింది. మిశ్రమం పలచబడితే (గాలికి తగినంత పెట్రోలు అందకపోతే) నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండడం) వచ్చి పిస్టన్లే కరిగిపోవచ్చు గనుక, నాకు హార్స్‌పవర్ కన్నా ఈ అంకెలే ముఖ్యం. ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు పాతవే ఉంచాను. పెద్ద టర్బో పెడితేనే వాటిని మార్చాల్సిన అవసరం వస్తుంది. ట్యాంకు పంపుకు అసలు పరీక్ష అప్పుడే గనుక, మే నెల ఎండల్లో, ట్యాంకులో పెట్రోలు పావు వంతే ఉన్నప్పుడు మళ్లీ లాగ్ తీయిస్తాను.