అప్‌డేట్: రివర్స్‌లో పట్టేస్తున్న మోడల్ ఇంజన్, కారణం దొరికింది

45 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచే నా ఇంజన్ (12 వోల్టుల మోటారు, స్క్రూ లాంటి వర్మ్ పళ్ళ చక్రాన్ని తిప్పే వర్మ్ గేరు, అన్నీ ఇంట్లో బిగించినవే) ముందుకు బాగా పోయి, రివర్స్‌లో పట్టేసి ఫ్యూజు కొట్టేస్తోందని అడిగాను కదా.

సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. వర్మ్ ఉన్న షాఫ్టును వేలితో నెట్టి చూడమన్న అన్న మాటే నిజమైంది. నెల్లూరులో లేత్ పని చేసే పెద్దాయన షాఫ్టు పట్టుకుని లాగి చూపించాడు, దాదాపు ఒక మిల్లీమీటరు ఆట (ముందుకీ వెనక్కీ కదిలే సందు)! వర్మ్ తిరిగే దిక్కు మారితే అది నెట్టే దిక్కూ మారుతుంది. ముందుకు పోయేటప్పుడు ఆ తోపుడుని మోటారు వెనక బేరింగు ఆపుతోంది. రివర్స్‌లో ఆపేదేమీ లేక వర్మ్ జారి బ్రాకెట్‌కి ఒరుసుకుంటోంది. బ్రాకెట్ మీద గుండ్రటి మెరుపు గీత రోజూ కనపడుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. బిట్రగుంట స్టీమ్ షెడ్డులో చేసిన మా తాత ఉంటే తిట్టేవాడు.

వర్మ్‌కి రెండు వైపులా ఇత్తడి వాషర్లు వేసి, కాగితం మందం ఆట వదిలి, గ్రీజు పెట్టాం. రివర్స్‌లో 2.8 ఆంపియర్లు లాగేది ఇప్పుడు 0.7 దాటట్లేదు.

కారణం తెలియక ముందు నేను కంట్రోలర్, బ్యాటరీ, కెపాసిటర్ మార్చడం దండగే అయింది. పాత కంట్రోలర్నే మళ్లీ పెట్టేశాను.