రుచులు దోసంబా, రుచుల దోసంబా?

ఇందిరానగర్ వాసి:
నిన్న సాయంత్రం నుంచి ఒక పాదం నన్ను వదలడం లేదు. "...ద్రావితిన్ రుచుల దోసంబంచుఁ బోనాడితిన్". శ్రీనాథుడు తన పాట్లన్నీ చెప్పుకొని దయ చూపమని కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకున్న పద్యం, మీ అందరికీ కంఠతా వచ్చినదే. నాకు అనుమానం ఒక్క అక్షరం మీద. "రుచుల" అనా, "రుచులు" అనా?

ఎందుకు గుర్తొచ్చిందో చెబుతాను. ఇక్కడ బెంగళూరులో సొంతంగా బీరు కాచి పోసే చోటికి ఒక మిత్రుడు తీసుకుపోయాడు. బార్లీలో రై అనే ధాన్యం కలిపి, హాప్స్ పూలు దండిగా దట్టించిన బీరు. ఈ మిత్రుడు ఇంట్లో కాస్తాడు, పోటీల్లో మార్కులు వేయడం నేర్చుకుంటున్నాడు. నా చేతిలోనూ ఒక కాగితం పెట్టాడు. మొత్తం 50 మార్కులు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకు 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. చూపుకు మూడే ఎందుకో నాకు అర్థం కాలేదు. కొత్త రాగి చెంబు రంగు, పైన మీగడలాంటి నురుగు, గుక్క గుక్కకూ గ్లాసు లోపలి అంచున అల్లికలాగా అంటుకొని మిగిలిపోతోంది. ఆ అల్లికకే మూడూ వేసేశాను.

చిక్కు రుచి గడి దగ్గర వచ్చింది. "చేదు" అని రాసి కొట్టేశాను. "కారం" అని రాసి అదీ కొట్టేశాను. చివరికి శ్రీనాథుడి పాదం రాశాను. మిత్రుడు చదివి, "ఇది మెప్పా, తప్పా?" అని అడిగాడు. నిజమే. "లు" అయితే రుచులే తప్పని నేను వాటిని వదులుకున్నట్టు. "ల" అయితే తప్పు బీరుది. మార్కులు దీన్నిబట్టే వేయాలి కదా!

ఛందోభిమాని:
ముందు ఒక మాట. ఫోనుల్లో తిరిగే పాఠం "రుచుల్ దోసంబంచు". అది శార్దూలంలో నిలవదు. మూడో గణం "వితిన్రు" జగణం, తరువాత సగణం రావాలి. "చుల్దో" అంటే రెండు గురువులు పక్కపక్కన పడి గణం చచ్చిపోయింది. అలాగే చివరి పాదంలో "లక్ష్మీ" అని దీర్ఘం ఇచ్చేవాళ్లూ దయచేసి ఆగాలి. అక్కడ "లక్ష్మి".

ఇక మీ ప్రశ్న. "లు", "ల" రెండూ లఘువులే. యతి 13వ అక్షరం "సం" మీద ఉంది, పాదం మొదటి "చ"తో కుదిరింది, దానికీ ఈ అక్షరానికీ సంబంధం లేదు. కాబట్టి ఛందస్సు సాక్ష్యం చెప్పదు.

విశ్రాంత మాస్టారు:
చెప్పవలసింది వ్యాకరణం. నిస్సందేహంగా "రుచులు". పద్యమంతా ఆయన తన అలవాటును చంపుకొని చేసిన పనుల పట్టిక. కుల్లాయి పెట్టాడు, కోక చుట్టాడు, కూర్పాసం తొడిగాడు, వెల్లుల్లీ తెలకపిండీ తిన్నాడు, అంబలి తాగాడు. ఆ వరుసలో రుచులనూ వదులుకున్నాడు. "ల" పెడితే "పోనాడితిన్"కు కర్మ ఏదండీ? దేనిని పోనాడాడు? అంబలినా? అది అప్పటికే తాగేశాడు.

ఇందిరానగర్ వాసి:
మాస్టారూ, "రుచిలో లోపముందిలే అనుకొని, పోనీ అన్నాను" అని తీసుకోకూడదా?

విశ్రాంత మాస్టారు:
పోనాడడం వేరు, పోనివ్వడం వేరు. పోనిచ్చేవాడు ఉదారుడు, పోనాడేవాడు నష్టపోయినవాడు. కన్నడ రాజ్యలక్ష్మి ముందు "దయలేదా" అని మొరపెట్టుకుంటున్నవాడు ఔదార్యం ఎక్కడ చూపిస్తాడు?

కాచేవాడు:
ఆ మిత్రుణ్ణి నేనే. కాగితం మీద పద్యం రాసి ఇచ్చినవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

మాస్టారు ఒప్పుకోకపోయినా "రుచుల దోసం" నాకు చాలా పనికొచ్చే మాట. మా పనిలో రుచీ వేరు, రుచిదోషమూ వేరు. బీరులో వెన్న వాసన వస్తే దోషం. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే దోషం. గాలి తగిలి పాతబడితే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, అదీ దోషమే. ఈ రకంలో చేదు మాత్రం దోషం కాదు, అదే దాని ప్రాణం. చేదును కొలిచే అంకె ఒకటుంది, రై ఐపీఏ అనే ఈ రకానికి ఆ అంకె 50 నుంచి 75 దాకా ఉండవచ్చునని పోటీల నియమాల్లోనే రాసి ఉంటుంది. చేదుగా ఉందని మార్కు తగ్గిస్తే కాకరకాయ వేపుడులో తీపి లేదని తగ్గించినట్టు.

ఇతను కొట్టేసిన "కారం" కూడా పూర్తిగా తప్పేమీ కాదు. మింగిన తరువాత గొంతు దగ్గర మిరియం కొరికినట్టు ఒక చురుకు నిలుస్తుంది, అది రై గింజది. కొందరు ఇందులో షాజీరా వెతుకుతారు. రై రొట్టెలో షాజీరాలాంటి గింజలు వేయడం పాశ్చాత్య దేశాల్లో అలవాటు కాబట్టి నాలుక రొట్టెను తలచుకుంటుంది. గింజకు ఆ వాసన లేదు.

వైద్యుల ఇంటి కోడలు:
రై అంటే ఆవాలని మా పక్కింటి హిందీవాళ్లు అంటారు. ఆవాల బీరేమో అనుకొని ఇందాకటి నుంచి హడలిపోతున్నాను.

కాచేవాడు:
కాదమ్మా, గోధుమకు చుట్టం లాంటి ధాన్యం. పొట్టు ఉండదు, అదే చిక్కు. బార్లీకి పొట్టు ఉంటుంది, నానబెట్టి వేడి నీళ్లలో ఉంచాక ఆ పొట్టే జల్లెడలా పనిచేసి రసం కిందికి దిగుతుంది. రైలో పొట్టు లేకపోగా జిగురు ఎక్కువ. మొదటిసారి తెలియక మొత్తం గింజలో మూడోవంతు రై వేశాను. మూడు గంటలు కూర్చున్నా కుళాయిలోంచి చుక్క రాలేదు. గరిటె పెట్టి చూస్తే రాగి సంకటి! గరిటె నిలబడింది. ఇప్పుడు బియ్యం మిల్లు నుంచి ఊక తెచ్చి, కడిగి, గింజలో కలుపుతాను. అప్పుడే రసం దిగుతుంది. రై కూడా ఆరోవంతు దాటనివ్వను.

అనంతపురం ఆడపడుచు, ప్రస్తుతం బనశంకరి:
సంకటి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. అందరూ "రుచుల" దగ్గరే నిలబడ్డారు, అదే పాదం మొదట్లో ఉన్న "చల్లా" ఎవరికీ కనపడలేదా? "చల్లాయంబలి". చల్ల, అంబలి కలిస్తే చల్లంబలి కావాలి, లేదా చల్లయంబలి. ఆ "ల్లా"కు దీర్ఘం ఎక్కడిది?

ఛందోభిమాని:
పాదం మూడు గురువులతో మొదలు కావాలి. రెండో అక్షరం హ్రస్వమైతే గణం పోతుంది.

అనంతపురం ఆడపడుచు:
శ్రీనాథుడికి గణం కోసం దీర్ఘం లాగవలసిన గతి పట్టిందా! గొప్పగా చెప్పారు. మా అవ్వ రాత్రి రాగి అంబలి కుండలో పోసి మూతకు గుడ్డ కట్టేది. పొద్దునకు మీద చిన్న చిన్న బుడగలు. అందులో చల్ల పోసి, ఉల్లిపాయ నంజుకుంటూ "చల్లా అంబలీ తాగి పోండి" అనేది. రెండింటికీ దీర్ఘం, "చల్లయు నంబలియు" అని అర్థం. ఇంట్లో మాట్లాడే తెలుగును ఆయన ఉన్నపళంగా పద్యంలో పెట్టాడు, అంతే. ఇంకొక సంగతి: అదీ పులిసిన గింజే, మీ గ్లాసులోదీ పులిసిన గింజే. శ్రీనాథుడు మొహం చిట్లించింది ఆ పులుపుకే అయి ఉంటుంది.

విశ్రాంత మాస్టారు:
అమ్మా, సముచ్చయార్థమైతే "అంబలీ ద్రావితిన్" అని అక్కడా దీర్ఘం రావాలి కదా. ఒకదానికే ఎందుకు వచ్చింది?

అనంతపురం ఆడపడుచు:
రెండోది గణంలో పట్టలేదు మాస్టారూ. ఛందోభిమాని గారిని అడగండి.

ఛందోభిమాని:
పట్టదు. ఒప్పుకుంటున్నాను. కానీ దానివల్ల మీ సిద్ధాంతం నెగ్గినట్టు కాదు.

వైద్యుల ఇంటి కోడలు:
నాకు మీ గణాలు తెలియవు, రుచులు తెలుసు. ఇందిరానగర్ వాసి గారు చేదు, కారం రెండూ కొట్టేసి తెల్లబోయారు కదా, అందులో తప్పు ఆయనది కాదు. సంస్కృతంలో కటు అంటే కారం, తిక్తం అంటే చేదు. హిందీవాళ్లు ఆ కటువునే కడ్వా చేసి చేదుకు పెట్టుకున్నారు. మనం కటువును నాలుక మీద నుంచి తీసేసి మాటలకు తగిలించాం. దేశమంతా ఈ రెండు రుచులను అటూ ఇటూ మార్చుకుంటూనే ఉంది. ఆయన గ్లాసులో కటువు రై నుంచి, తిక్తం హాప్స్ నుంచి వచ్చింది. మూడోది ఒకటుంది, దాన్ని ఎవరూ చెప్పలేదు. గుక్క దిగాక నాలుక పక్కలు లోపలికి లాగేస్తాయి, పచ్చి అరటికాయ కొరికినట్టు. అది కషాయం, మన వగరు. కటు తిక్త కషాయాలు మూడూ కఫాన్ని తగ్గిస్తాయి, వాతాన్ని పెంచుతాయి. మా మామగారు బతికి ఉంటే ఆ బీరును జలుబుకు రాసిచ్చి, మోకాళ్ల నొప్పులవాళ్లకు వద్దనేవారు.

ఇందిరానగర్ వాసి:
కషాయం! నాకు తట్టనే లేదు. మొదట ముక్కుకు తగిలింది పచ్చి మామిడికాయ తొడిమ విరిస్తే వచ్చే జీడి వాసన, దాని వెనుక నారింజ తొక్క. నాలుక మీద మొదట రొట్టె అంచు తీపి, ఆ తరువాతే చేదు. చివర ఈ లాగుడు.

కాచేవాడు:
మామిడి వాసన నీ భ్రమ కాదు. హాప్స్ నూనెలో ఉండే మిర్సీన్ అనే వాసన పదార్థం మామిడిలోనూ ఉంటుంది. చేదూ వాసనా ఒకే పువ్వులోంచి వస్తాయి కానీ కాచే వేళలు వేరు. గంటసేపు మరిగితే చేదు దిగుతుంది, వాసన ఆవిరైపోతుంది. అందుకని ఇంకొన్ని పూలు పొయ్యి కట్టేసే ముందు వేస్తాం. నువ్వు తాగినదానిలో కాస్కేడ్ అనే రకం పడింది. 1972లో అమెరికాలో బయటికి వచ్చింది, ఆ నారింజ తొక్క దానిదే.

విశ్రాంత మాస్టారు:
కషాయం మాట ఎత్తారు కాబట్టి ఊరుకోలేను. మేఘసందేశంలో సిప్రా నది గాలిని కాళిదాసు "స్ఫుటితకమలామోదమైత్రీకషాయః" అన్నాడు. విచ్చిన తామరల పరిమళంతో చెలిమి చేసి కషాయమైన గాలి. గాలి వగరుగా ఉండడమేమిటి? మన మెదకు సీమ వ్యాఖ్యాత కోలాచల మల్లినాథుడు అక్కడ కషాయానికి సురభి అని అర్థం చెప్పాడు. నిఘంటువును సాక్ష్యం పెట్టి మరీ చెప్పాడు. అంటే కషాయం పరిమళమూ అవుతుంది. తెల్లవారుజామున సారసాల కూతను పొడిగిస్తూ వచ్చే ఆ గాలిని నలభై ఏళ్లు పాఠం చెప్పాను. ఒక్క ఏడాదీ ఆ మాట దగ్గర పిల్లలను త్వరగా దాటించలేదు.

వైద్యుల ఇంటి కోడలు:
అయితే పని అయిపోయినట్టే కదా మాస్టారూ. కషాయమంటే వగరు, మీ మల్లినాథుడి ప్రకారం పరిమళం, మా వంటింట్లో మరగకాచిన మందు. హాప్స్ మూడూనూ. పువ్వును మరగకాస్తారు, వాసన వస్తుంది, నాలుక లాగుతుంది. రుచి గడిలో "కషాయం" అని ఒక్క మాట రాయండి.

కాచేవాడు:
తెలుగువాడు మార్కులు వేస్తే బాగుంటుంది. తక్కినవాళ్లు దగ్గు మందు అనుకొని 20కి 4 వేస్తారు. ఇక్కడి కన్నడిగులు ఉగాదికి వేపపువ్వూ బెల్లమూ మాత్రమే తింటారు, చేదూ తీపీ, రెండు రుచుల్లో తేల్చేస్తారు. ఆరూ కలిపి గిన్నెలో పోసుకొనే మనమే తేల్చుకోలేకపోతున్నాం.

ఇందిరానగర్ వాసి:
సరే, నేను అడిగింది లు, ల సంగతి. కాగితం ఇంకా నా జేబులోనే ఉంది, రుచి గడి ఖాళీ.

ఛందోభిమాని:
అచ్చు పుస్తకం చూడందే తేలదు. చాటువు నోటి మీద బతికింది. ఎవరి నోట్లో పడితే ఆ నోటి అక్షరం అయింది. విజయనగరాన్ని ప్రౌఢదేవరాయలు ఏలిన 1424-1446 నాటి నుంచి ఎన్ని నోళ్లు దాటి వచ్చిందో! నా పుస్తకం ఊరిలో అటక మీద ఉంది.

విశ్రాంత మాస్టారు:
అటక దాకా ఎందుకు? మా అన్నయ్యకు ఎనభై ఎనిమిది. ఆయనకు మా నాన్నగారు చెప్పిన పాఠం. ఇప్పుడే ఫోను చేసి చదవమన్నాను. శార్దూలాన్ని రాగం తీసి చదువుతారు, "రుచు" దగ్గర గొంతు పైకి పోయి "దోసం" మీద దిగింది. మధ్య అక్షరం రాగంలో కలిసిపోయింది. మళ్లీ చదివించాను. మొదటిసారి "లు" అని వినిపించింది, రెండోసారి "ల" అని. మూడోసారి అడిగితే, "నీకు చెవులు పోయాయిరా, డాక్టరు దగ్గరికి వెళ్లు" అన్నారు.

కాచేవాడు:
శనివారం మళ్లీ వెళదామని ఆ చోటికి ఫోను చేశాను. రై పీపా అయిపోయిందట. ఇప్పుడు రాగితో కాచింది పోస్తున్నారట.

అనంతపురం ఆడపడుచు:
రాగి అయితే నేనూ వస్తాను. ఛందోభిమాని గారూ, అటక ఎక్కినప్పుడు ఆ "చల్లా" కూడా చూడండి.